‘ఎఫ్‌ఓబీ గుంటూరు’ అని రాసి ఇరుక్కున్నాను, దారి చెప్పండి

మిర్చియార్డు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నగారి కాలం నుంచి యార్డులో కమీషన్ వ్యాపారం. ఎగుమతిదారులకు సరుకు కొనిపెట్టడమే తప్ప మేమే ఓడ ఎక్కించిన రోజు లేదు. ఈసారి మలేషియాలో ఒక కొనుగోలుదారు నేరుగా దొరికాడు. ఎగుమతి, దిగుమతులకు ఉండాల్సిన ఐఈసీ కోడ్ తీసుకున్నాను, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషను వచ్చింది. తొడిమ తీసిన తేజ రకం, నలభై అడుగుల హైక్యూబ్ కంటైనరు ఒకటి, పద్నాలుగు టన్నులు. చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్‌కు పోవాలి.

ధర రాసి పంపేటప్పుడు ‘ఎఫ్‌ఓబీ గుంటూరు’ అన్నాను. మా గోదాము దగ్గర బండికి ఎక్కించేవరకు నాది, ఆపైన వాళ్లది అని నా ఉద్దేశం. అతనేమో ఎఫ్‌ఓబీ అంటే ఓడ ఎక్కేదాకా నీ ఖర్చే, చెన్నై ట్రైలరు కిరాయి, రేవు చార్జీలు అన్నీ నీవే అంటున్నాడు. కిలోకు నేను వేసుకున్న లాభం ఆ కిరాయికే సరిపోతుంది. ఎవరిది తప్పు?

రేవుమనిషి | సోమవారం, రాత్రి 10:15

మీదేనండి, ఏమీ అనుకోకండి. గుంటూరుకు సముద్రం తెస్తే తప్ప ఆ మాటకు అర్థం లేదు. ఎఫ్‌ఓబీ పక్కన రాసే ఊరు, సరుకు ఓడ ఎక్కే రేవే అయి ఉండాలి.

ఈ మూడక్షరాల మాటలకు నిబంధనలు రాసింది పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి. మొదటి కూర్పు 1936లో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 2020ది. మొత్తం పదకొండు మాటలు. అందులో ఎఫ్‌ఏఎస్, ఎఫ్‌ఓబీ, సీఎఫ్‌ఆర్, సీఐఎఫ్ నాలుగూ నీటి ప్రయాణానికి మాత్రమే. మిగతా ఏడూ లారీకి, రైలుకు, విమానానికి, ఓడకు, దేనికైనా పనికొస్తాయి.

మీ మనసులో ఉన్నదాని పేరు ఎఫ్‌సీఏ గుంటూరు. ఎగుమతి కస్టమ్స్ పని మీరు చేయించి, మీ గోదాము దగ్గర అతను పంపిన బండికి ఎక్కించి ఇస్తే మీ బాధ్యత తీరిపోతుంది. ఎక్స్‌వర్క్స్ అని రాయమని కొందరు చెబుతారు, దాని జోలికి పోకండి. అందులో మన దేశపు కస్టమ్స్ పని కూడా కొన్నవాడి నెత్తినే ఉంటుంది. మలేషియా వాడికి మన ఐఈసీ ఎక్కడిది, షిప్పింగ్ బిల్లు ఎవరి పేరున వేస్తారు?

ముందు ఇది చెప్పండి: ఒప్పందం మీద సంతకాలయ్యాయా? ఎల్‌సీ, అంటే కాగితాలు సరిగా ఉంటే డబ్బు ఇస్తామనే బ్యాంకు హామీ పత్రం, తెరిచాడా?

మిర్చియార్డు | సోమవారం, రాత్రి 10:31

ధర, షరతులు రాసిన ప్రొఫార్మా ఇన్వాయిస్ పంపాను, అతను సరే అన్నాడు. ఎల్‌సీ ఇంకా తెరవలేదు.

ఇంకొక సందేహం, నవ్వకండి. షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, బిల్ ఆఫ్ ఎంట్రీ, బిల్ ఆఫ్ ఎక్స్‌ఛేంజ్ అంటూ ఏజెంటు వరసగా చెబుతుంటే, ఇన్ని బిల్లులు ఎవరికి కట్టాలి స్వామీ అని అడిగాను. ఫోనులో ఆయన నవ్వు ఇంకా ఆగలేదు.

రొయ్యలలెక్క | సోమవారం, రాత్రి 10:58

మీరొక్కరే కాదండి, నేను భీమవరంలో ఉద్యోగంలో చేరిన మొదటి వారం బిల్ ఆఫ్ లేడింగ్ పట్టుకుని అకౌంట్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి ‘ఇది ఎప్పటిలోగా కట్టాలి’ అని అడిగాను. మనకు బిల్లు అంటే డబ్బు కట్టే చీటీ. ఇక్కడ బిల్లు అంటే కాగితం, అంతే.

షిప్పింగ్ బిల్లు అంటే మనం కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన, ఈ సరుకు దేశం దాటుతోంది అని. దాని మీద ‘ఎగుమతికి అనుమతి’ పడితేనే కంటైనరు ఓడ ఎక్కుతుంది. అదే ప్రకటన దిగుమతి వైపు ఇస్తే బిల్ ఆఫ్ ఎంట్రీ. బిల్ ఆఫ్ ఎక్స్‌ఛేంజ్ అంటే ఫలానా మొత్తం ఇవ్వమని మనం కొన్నవాడి మీదనో బ్యాంకు మీదనో రాసే ఆదేశం. వీటన్నిటిలో దొర బిల్ ఆఫ్ లేడింగ్. ఓడవాడు సరుకు అందుకున్నట్టు రసీదూ అదే, మోసుకెళ్తానన్న ఒప్పందానికి సాక్ష్యమూ అదే, సరుకు మీద హక్కు పత్రమూ అదే. ఇంటి దస్తావేజులాగా దాన్ని వెనక సంతకం పెట్టి చేతులు మార్చవచ్చు. 1856 నాటి చట్టం కింద నడిచేది, దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది.

ఇక మీ గొడవ. ఎల్‌సీ తెరవలేదు కాబట్టి సమయం మించిపోలేదు. రేపు పొద్దున్నే రెండు ధరలు పంపండి. ఒకటి ఎఫ్‌సీఏ గుంటూరు, రెండోది కిరాయి కలిపి ఎఫ్‌ఓబీ చెన్నై. ఏది కావాలో తేల్చుకోమనండి.

నుడిగూడు | మంగళవారం, ఉదయం 6:20

అసలు ఈ చిక్కంతా మాటలు తెలుగులో లేకపోవడం వల్లే. అర్థమయ్యే భాషలో ఉంటే మన రైతుబిడ్డలు ఇలా నష్టపోతారా? నేను అనువాదకుణ్ని, రాత్రి కూర్చుని ఒక చిన్న పదపట్టిక తయారు చేశాను. తప్పులుంటే దిద్దండి.

ఎఫ్‌ఓబీ: ఓడపై ఉచితం. క్లీన్ బిల్ ఆఫ్ లేడింగ్: శుభ్రమైన సరుకు పత్రం. డెమరేజ్: ఆలస్య రుసుము. డిటెన్షన్: నిర్బంధ రుసుము. జనరల్ యావరేజ్: సాధారణ సగటు. డెడ్ ఫ్రైట్: మృత కిరాయి.

రేవుమనిషి | మంగళవారం, ఉదయం 7:05

అయ్యా, మీ ఉద్దేశం మంచిది. కానీ ఈ పట్టిక పట్టుకుని ఎవరైనా రేవులోకి వస్తే మృత కిరాయి కాదు, నిజంగానే ప్రాణం పోతుంది.

‘ఓడపై ఉచితం’ అంటే ఓడలో ఊరికే తీసుకెళ్తారనుకుంటాడు మన మిర్చి తమ్ముడు. అక్కడ ఫ్రీ అంటే అమ్మినవాడు విముక్తుడు అని, సరుకు ఓడెక్కాక ఇక అతనికి ఖర్చూ లేదు, పూచీ లేదు అని. క్లీన్ అంటే శుభ్రం కాదు, ఓడవాడు పత్రం మీద సరుకు గురించి ఆక్షేపణ ఏదీ రాయలేదని. ‘పన్నెండు సంచులు తడిశాయి’ అని ఒక్క ముక్క రాశాడంటే ఎంత తెల్లటి కాగితమైనా అది క్లీన్ కాదు, ఎల్‌సీ కింద బ్యాంకు తీసుకోదు. డెడ్ ఫ్రైట్ అంటే చోటు మాట్లాడుకుని సరుకు తేనివాడు కట్టే ఖాళీ చోటు కిరాయి.

ఇక ‘సాధారణ సగటు’. ముప్పై రెండేళ్లు విశాఖపట్నంలో కస్టమ్స్ బ్రోకరు ఆఫీసులో పని చేశాను, ఇంత నవ్వు ఎప్పుడూ రాలేదు. ఆ యావరేజ్‌కు సగటుతో సంబంధం లేదు. దెబ్బతిన్న సరుకు అనే అరబ్బీ మాట నుంచి వచ్చిందంటారు. ఓడ మొత్తం మునిగే ప్రమాదంలో ఉన్నప్పుడు, కాపాడడానికి కావాలని కొంత సరుకు సముద్రంలో పారేసినా, ఓడను లాగడానికి ఖర్చు పెట్టినా, ఆ నష్టాన్ని ఓడ యజమాని, ఓడలోని ప్రతి సరుకుదారూ విలువను బట్టి పంచుకోవాలి. మీ డబ్బాకు గీత కూడా పడకపోయినా మీ వాటా మీరు కట్టాల్సిందే.

2021 మార్చి 23న సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ అడ్డం తిరిగింది, 29న కదిలింది. ఆ వార్త అందరూ చూశారు. యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించిన సంగతి సరుకుదారులకే తెలుసు. ఓడ జూలై 7 దాకా ఈజిప్టులోనే ఆగింది. బీమా ఉన్నవాళ్ల తరఫున బీమా కంపెనీ హామీ పత్రం ఇస్తుంది. లేనివాళ్లు డబ్బు జమ కడితేనే పెట్టె చేతికొస్తుంది.

నుడిగూడు | మంగళవారం, ఉదయం 7:40

సగటు దగ్గర నా చెవి నేనే మెలిపెట్టుకున్నాను. ‘ఉమ్మడి నష్టం’ అంటే సరిపోతుందా?

రేవుమనిషి | మంగళవారం, ఉదయం 7:44

బాగుంది. మా ఆఫీసులో ఎవరికైనా వివరించాల్సి వస్తే నేనూ అలాగే చెప్పేవాణ్ని. ఒప్పందంలో మాత్రం యావరేజ్ అనే రాయాలి.

లంగరుదాపు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

కాకినాడ నుంచి. నేను బియ్యం ఓడల దగ్గర సర్వేయరుగా పని చేస్తాను. డెమరేజ్‌ను ‘ఆలస్య రుసుము’ అని ఒక్క మాటలో తేల్చేశారు, అక్కడ ఆగాలి. కంటైనరు వాళ్ల డెమరేజ్ వేరు, మా డెమరేజ్ వేరు.

మా దగ్గర యాంకరేజ్ రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసి నిలబడుతుంది. సంచులు బార్జిల మీద వెళ్తాయి, ఓడ క్రేను వాటిని స్లింగులతో పైకి తీసుకుంటుంది. ఓడను మాట్లాడుకున్నవాడికి ఎక్కించడానికి ఇన్ని రోజులు అని గడువు ఉంటుంది, దాన్ని లేటైమ్ అంటారు. అది దాటితే రోజుకు ఇంత అని ఓడ యజమానికి కట్టేది డెమరేజ్. ముందే ముగిస్తే ఆయనే మనకు తిరిగి ఇస్తాడు, దాని పేరు డిస్పాచ్, సాధారణంగా డెమరేజ్ రేటులో సగం.

తమాషా ఎక్కడంటే, గడియారం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్న దగ్గర. ఓడ వచ్చి ‘నేను సిద్ధం’ అని నోటీసు ఇచ్చాక లెక్క మొదలు. ఒప్పందంలో వాతావరణం అనుకూలించిన పనిదినాలు అని ఉంటే వాన గంటలు లెక్కలోకి రావు. బియ్యం తడవకూడదు కాబట్టి చినుకు పడగానే ఓడలో సరుకు అరల మీది హాచ్ మూతలు వేసేస్తారు. అందుకే నా పుస్తకంలో ఇలాంటి వరసలు పేజీల కొద్దీ ఉంటాయి: ‘14:20 వాన, హాచ్‌లు మూత. 15:05 వాన ఆగింది. 15:25 మూతలు తీశారు, పని మొదలు.’ ఆ 15:05కూ 15:25కూ మధ్య ఇరవై నిమిషాలు ఎవరి ఖాతాలో పడాలన్న దాని మీద రెండు వైపులవాళ్లు నెలల తరబడి ఉత్తరాలు రాసుకోవడం చూశాను. ఓడ అప్పటికి ఆఫ్రికాలో సరుకు దించేసి ఇంకెక్కడికో పోయి ఉంటుంది.

ఎడారితెలుగు | మంగళవారం, రాత్రి 8:25

దుబాయ్ జెబెల్ అలీ దగ్గర గోదాములో పని చేస్తున్నాను. సరుకు దిగే వైపు నుంచి రెండు మాటలు.

కంటైనర్లలో మేం గుర్తు పెట్టుకునే పద్ధతి ఇది: నిండు డబ్బా రేవు గోడ లోపల ఉచిత రోజులు దాటి పడి ఉంటే డెమరేజ్. గోడ దాటి బయటికి తెచ్చుకుని, ఖాళీ చేసి తిరిగి ఇవ్వడంలో ఆలస్యమైతే డిటెన్షన్. నిర్బంధించేది ఎవరో ఓడవాడు కాదు నుడిగూడు గారూ, వాళ్ల డబ్బాను మన దగ్గర ఆపుకున్నది మనమే. ఎగుమతి వైపూ ఇదే జరుగుతుంది. మిర్చియార్డు అన్నా, తొడిమలు తీయడం పూర్తి కాకుండా ఖాళీ డబ్బా తెప్పించుకోకు. గోదాము ముందు అది నిలబడిన ప్రతి రోజూ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

రెండోది ‘టెలెక్స్ రిలీజ్’. టెలెక్స్ యంత్రాలు పోయినా మాట మిగిలింది. అసలు బిల్ ఆఫ్ లేడింగ్ మూడు ప్రతులూ ఎక్కించిన రేవులోనే ఓడవాడికి తిరిగి అప్పగిస్తే, ఇక్కడ కాగితం చూపకుండానే సరుకు ఇచ్చేస్తారు. పాత పరిచయం ఉన్నవాళ్ల మధ్య సుఖం. నాకు తెలిసిన ఒక ఉల్లి వ్యాపారి, పేరు అనవసరం, కొన్నవాడు ‘రేవులో కుళ్లిపోతున్నాయి, డబ్బు రేపు వేస్తాను’ అని బతిమాలితే టెలెక్స్ రిలీజ్ చేయించాడు. ఉల్లి అమ్ముడుపోయింది. ఆ రేపు ఇంకా రాలేదు. డబ్బు ఖాతాలో పడేవరకు ఆ మూడు ప్రతులూ బ్యాంకు దారిలోనే వెళ్లాలి, లేదా నీ బీరువాలో ఉండాలి.

మిర్చియార్డు | బుధవారం, ఉదయం 11:15

అందరికీ వేలవేల దండాలు. రెండు ధరలూ పంపాను. బేరమాడి చివరికి ఎఫ్‌ఓబీ చెన్నై ఖాయం చేశాడు, కిరాయిలో దాదాపు సగం ధరలో కలిపాడు. మిగతా సగం నా చదువు ఫీజు అనుకుంటున్నాను.

ఇప్పుడు భయం ఇంకొకటి. ఓడ ఎక్కేదాకా పూచీ నాదే కదా. చెన్నై టెర్మినల్లో నాలుగు రోజులు పడి ఉండి, అక్కడే తడిస్తే?

రేవుమనిషి | బుధవారం, మధ్యాహ్నం 12:02

అడగాల్సిన ప్రశ్న అడిగారు. కంటైనరుకు ఎఫ్‌ఓబీ తగదని నిబంధనల పుస్తకమే చెబుతోంది, ఎఫ్‌సీఏ వాడమంటోంది. కారణం మీరన్నదే. డబ్బాను మీరు టెర్మినల్ గేటు దగ్గర అప్పగించేస్తారు. తరవాత క్రేను, యార్డు, ఓడ, ఏదీ మీ చేతిలో లేదు. అయినా అది ఓడలో కూర్చునేదాకా పూచీ మీదే. పూర్వం ఓడ అంచు దాటితే చాలనేవారు, 2010 కూర్పు నుంచి ఓడ మీద పెట్టాలి అని మార్చారు. కొన్నవాడి బీమా అక్కడి నుంచే మొదలు. మధ్యలో మీరు గొడుగు లేకుండా నిలబడి ఉంటారు.

పుస్తకం ఒకటి, వాడుక ఒకటి. దేశమంతా కంటైనర్లకూ ఎఫ్‌ఓబీయే రాస్తున్నారు. బ్యాంకులకు ‘ఓడ ఎక్కింది’ అన్న తేదీతో బిల్ ఆఫ్ లేడింగ్ కావాలి, అలవాటు కూడా ఒక కారణం. మీరు చేయాల్సింది చిన్న పని: గుంటూరు గోదాము నుంచి ఓడ ఎక్కేదాకా మీ పేరున బీమా తీసుకోండి.

ఎండుమిర్చి తేలిక సరుకు కాబట్టి ఇంకో సంగతి. మీ డబ్బా చోటుతో నిండుతుంది, బరువుతో కాదు. చీమకుర్తి గ్రానైటు వాళ్లకు దీనికి తలకిందులు, నేల మీద నాలుగు దిమ్మెలు పెట్టగానే బరువు హద్దు వచ్చేస్తుంది, పైనంతా గాలే. అందుకని కిరాయి మాట్లాడేటప్పుడు టన్ను లెక్క మీకు అవసరం లేదు, డబ్బా లెక్కే. డబ్బాతో సహా మొత్తం బరువు మాత్రం తూచి ప్రకటించాలి. 2016 జూలై నుంచి అది లేకుండా ఏ ఓడా ఎక్కించుకోకూడదు.

రొయ్యలలెక్క | బుధవారం, రాత్రి 9:30

ఎఫ్‌ఓబీకే ఇంత భయపడుతున్నారు, మా డీడీపీ సంగతి వింటే ఏమంటారో.

డీడీపీ అంటే కొన్నవాడి గుమ్మం దాకా అన్నీ అమ్మినవాడివే, అక్కడి దిగుమతి సుంకంతో సహా. అమెరికాకు రొయ్యలు పంపే మనవాళ్లు చాలామంది ఇలాగే అమ్ముతారు. సుంకం ఎప్పుడూ ఇంతే ఉంటుందన్న ధీమాతో ధర కట్టేవారు. 2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం అదనపు సుంకం వేసింది, 27 నుంచి ఇంకో 25. సీఎఫ్‌ఆర్ కింద, అంటే ఓడ కిరాయి దాకానే తమదిగా, అమ్మినవాళ్లకు అది కొన్నవాడి తలనొప్పి. డీడీపీ కింద అమ్మినవాళ్లకు సొంత తలనొప్పి. రొయ్య అదే, మైనస్ 18 డిగ్రీల కంటైనరు అదే, ఓడ అదే. ఇన్వాయిస్ మీద మూడక్షరాలు వేరు.

ఆ రెండో 25 శాతానికి ఒక మినహాయింపు ఇచ్చారు. ఆగస్టు 27 లోపల ఓడ ఎక్కి, సెప్టెంబరు 17 లోపల అమెరికా కస్టమ్స్‌లో దాఖలైన సరుకుకు అది వర్తించదని. ఆ వారమంతా మా ఆఫీసులో ఎవరు ఫోను ఎత్తినా ఒకటే ప్రశ్న: ‘ఓడ ఎక్కిన తేదీ ఎంత?’ కంటైనరు రేవుకు చేరిన తేదీ కాదు, సీలు వేసిన తేదీ కాదు, ఓడ ఎక్కిన తేదీ. అప్పటిదాకా బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఆ గడిలో తేదీని నేను సరిగా చదివేదాన్ని కూడా కాదు. పైగా ఎక్కడం ముందే ఎక్కినా, దారిలో ఓడ మారి నెమ్మదిగా వెళ్లినవాటికి సెప్టెంబరు 17 దాటిపోయే భయం. లక్షల రూపాయలు ఒక రబ్బరు ముద్ర కింద దాక్కుని ఉంటాయని అప్పుడు తెలిసింది.

నుడిగూడు | బుధవారం, రాత్రి 10:45

మీ అందరి మాటలు విన్నాక పదపట్టిక చింపేశాను. కానీ మనకు ఈ మాటలే లేవనుకోకండి. రేవు, సుంకం, లంగరు, సరంగు, కళాసీ అన్నీ మన నోట నానినవే. ఇంగ్లీషులో గోడౌన్ అనే మాటకు మూలం మలయ్ భాషలోని గుదాంగ్ అనీ, దాని వెనక మన గిడ్డంగి ఉండవచ్చనీ ఒక వాదన. మిర్చి పోతున్నది మలేషియాకే కదా, మాట వెళ్లిన దారినే సరుకూ వెళ్తోంది.

బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాగేసుకునేవారు, మేం మాత్రం నియమించిన సుంకం తప్ప ఏమీ తీసుకోము అని వర్తకులకు అందులో హామీ ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యోవంతు. మునిగిన సరుకు ఎవరిది, సుంకం ఎంత అన్న రెండు ప్రశ్నలకూ జవాబు రాతిమీద చెక్కించి రేవులో నిలబెట్టాడు.

లంగరుదాపు | బుధవారం, రాత్రి 11:02

మూడున్నర శాతం కూడా లేదు. రొయ్యలలెక్క గారికి చూపించండి, కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

మిర్చియార్డు | పదకొండు రోజుల తరవాత, రాత్రి 8:50

ఎల్‌సీ వచ్చింది, డబ్బా నిండింది, సీలు పడింది. స్టఫింగ్ రోజు మా హమాలీలు తుమ్ముతూ తుమ్ముతూ చివరి వరస సంచులను భుజాలతో నెట్టి తలుపు వేశారు. ఎగుమతి అనుమతి నిన్న పడింది. ఓడ రేపు తెల్లవారుజామున కదులుతుందట.

బిల్ ఆఫ్ లేడింగ్ చిత్తుప్రతి సరిచూడమని పంపారు. బరువు, సంచుల లెక్క, సీలు నంబరు అన్నీ సరిపోయాయి. ఒక్క తేడా కనిపించింది. ఎల్‌సీలో చిల్లీకి చివర ఇంగ్లీషు ఐ అక్షరం ఉంది, వీళ్లు వై కొట్టారు. ఇంత చిన్నదానికి ఇప్పుడు ఏజెంటును నిద్ర లేపనా?

రేవుమనిషి | 8:53

ఇప్పుడే లేపండి. అక్షరదోషమని బ్యాంకు వదిలేయనూవచ్చు, వదిలేయకపోనూవచ్చు. కాగితాలు చూడడానికి వాళ్లకు ఐదు పనిదినాలు ఉంటాయి. మిర్చి ధర ఆ ఐదు రోజుల్లో పడిపోయిందంటే, సరుకు వద్దనుకునే కొనుగోలుదారుకు ఆ వై అక్షరం దేవుడిచ్చిన వరం. చిత్తుప్రతిలో దిద్దితే ఖర్చు లేదు. అసలు ప్రతి అచ్చయ్యాక దిద్దితే రుసుము, ఆలస్యం రెండూ.

మిర్చియార్డు | 9:40

లేపాను. విసుక్కుంటూనే మార్చి పంపారు, ఐ అక్షరమే ఉంది. ఓడ పేరు కూడా కుదిరింది. కానీ వోయేజ్ నంబరు చివర ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ఒకటి అదనంగా కనిపిస్తోంది, అది కూడా తప్పేనా?

రేవుమనిషి | 9:42

అది తూర్పుకు పోతోందని గుర్తు. పడుకోండి ఇక.